ముగ్గురి డబ్బు ఆగిపోతుందన్నారని లక్ష పంపాను

వరంగల్ నుంచి ఒక చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దని కోరింది. అందుకని ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 38 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. భర్త ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. గల్లీలో పది మంది మహిళల పొదుపు సంఘానికి ఆమె రెండో లీడర్. సంక్రాంతి దాటాక కుట్టుపని కాస్త తగ్గిందట. అప్పుడే వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఇంట్లో కూర్చుని హోటళ్లకు ఐదు స్టార్లు ఇస్తే చాలు, రోజుకు వెయ్యి దాకా సంపాదించవచ్చని. మొదటి రోజు 150 రూపాయలు, మర్నాడు 210 ఖాతాలో పడ్డాయి. కూతురి చేత టెలిగ్రామ్ వేయించుకుని వాళ్ల గ్రూపులో చేరింది. 1,000 కడితే 1,300 వచ్చాయి, 3,000 కడితే 3,900 వచ్చాయి. ఇవన్నీ జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకుంది. ఆ తర్వాత పంపినవేవీ తిరిగి రాలేదు. 8,000, 28,000, 50,000, లక్ష. మొత్తం 1,86,000. అందులో 36,000 కూతురి చదువుకు దాచినవి. 50,000 నాన్‌తాడు కుదువ పెట్టి తెచ్చినవి. లక్ష ఏమో, చిన్న షాపు పెట్టుకుందామని సంఘం లోనులో తన వాటాగా తీసుకున్నది.

ఇది జరిగి 23 రోజులైంది. ఇంట్లో చెప్పలేదు, ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. ఈలోపు ఆమె ఖాతా ఆగిపోయింది. సంఘంలో ఎనిమిది మంది ఈ నెల కిస్తీ కోసం ఆమెకు ఫోన్‌లో పంపిన 20,800 అందులోనే ఇరుక్కున్నాయి. బ్యాంకులో అడిగితే "సైబర్ వాళ్లు ఆపించారు" అని మాత్రం చెప్పారు. కిస్తీ తేదీకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఇప్పుడు ఎవరో ఫోన్ చేసి, 15,000 ఫీజు కడితే పోయిన డబ్బంతా రికవరీ చేయిస్తానంటున్నాడు. ఆ ఫీజుకూ కిస్తీకీ కలిపి ఏదైనా లోన్ యాప్‌లో 40,000 తీసుకుందామా అని అడుగుతోంది. ఇక ఆమె మాటల్లోనే: "నాలుగేళ్ల కింద మా ఆయన దోస్తుకు 40,000 అప్పిచ్చి పోగొట్టుకుంటే ఆర్నెల్లు దెప్పిపొడిచాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఆశపడి మునిగినదాన్ని. ఒక్కో రాత్రి నేను లేకపోతేనే నయం అనిపిస్తోంది."

చెల్లె, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ చివరి మాట గురించి మాట్లాడతాను. ఆ ఆలోచన మళ్లీ వస్తే తెల్లారేదాకా ఒంటరిగా మోయకండి. 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, టెలిమానస్. రాత్రయినా పగలైనా తీస్తారు, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. అంతకన్నా ముందు పక్క గదిలో ఉన్న మనిషిని లేపండి. 1,86,000 మీ ఇంటికి పెద్ద మొత్తమే, కాదనను. కానీ అది కొన్నేళ్లలో తీర్చుకోగలిగే అప్పు. మీరు లేకపోవడం మీ బిడ్డకు ఎప్పటికీ తీరేది కాదు.

ఇక "ఆశపడి మునిగాను" అన్నారు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు కనిపించింది అది కాదు. మొదట్లో కాస్త ఆశ ఉంది, కాదనడం లేదు. కూతురి ఫీజుకు నాలుగు రూపాయలు వస్తాయనుకోవడం తప్పేం కాదు. కానీ లక్ష ఎలా పంపారో మూడో పేజీలో మీరే రాశారు. నలుగురిని ఒక చిన్న గ్రూపులో వేశారు. నలుగురూ కడితేనే నలుగురి డబ్బూ విడుదలవుతుందన్నారు. మిగతా ముగ్గురూ కట్టేశామని స్క్రీన్‌షాట్లు పెట్టారు. ఒకతను భార్య ఆసుపత్రిలో ఉందన్నాడు. ఇంకో అమ్మాయి "అక్కా, మీ ఒక్కరి వల్ల నా కాలేజీ ఫీజు పోతుంది" అని ఏడుపు బొమ్మలు పెట్టింది. మీరు రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే లేచి లక్ష పంపారు.

ఇలాంటి గ్రూపుల్లో ఆ మిగతా ముగ్గురూ మోసగాళ్ల మనుషులే ఉంటారు. ఆసుపత్రి భార్య, కాలేజీ ఫీజు, స్క్రీన్‌షాట్లు అన్నీ వాళ్లు అల్లినవే. వాళ్లు పట్టుకున్నది మీ ఆశను కాదు. మీరు సంఘం మనిషి. ఒకరు కిస్తీ కట్టకపోతే పది మంది పేరూ పాడవుతుందన్న భయం మీ రక్తంలో ఉంది. కట్టలేని సభ్యురాలి తరఫున రెండుసార్లు మీ చేతి డబ్బు వేశానని మీరే రాశారు. ఆ గుణాన్నే పట్టుకున్నారు వాళ్లు. మీరు స్వార్థపరురాలైతే ఆ రాత్రే ఫోన్ పక్కన పడేసేవారు.

ఈ మాట మిమ్మల్ని ఓదార్చడానికే కాదు, ఇక ముందు ఏం చేయాలో తేల్చుకోవడానికి కూడా చెబుతున్నాను. మీ ఎదుట రెండు గ్రూపులు ఉన్నాయి. ఒకటి మొహం తెలియని దొంగలది, దాన్ని నమ్మి లక్ష ఇచ్చారు. రెండోది ఏళ్ల తరబడి మీతో కూర్చున్న తొమ్మిది మందిది. వాళ్లకు మాత్రం మాట చెప్పడానికి భయపడుతున్నారు.

ఇప్పుడు ఖాతా సంగతి చూద్దాం. దీని గురించి మీకు సరిగ్గా చెప్పిన వాళ్లు లేరు, టెన్షన్ సగం అక్కడి నుంచే వస్తోంది. మొదట్లో మీకు వచ్చిన 150, 210, 1,300, 3,900 ఎవరు వేశారనుకుంటున్నారు? దొంగలు తమ జేబులోంచి వేయరు. చాలాసార్లు అవి ఇంకో ఊళ్లో మీలాగే మోసపోయిన మరొకరు పంపిన డబ్బులే. ఆమె చేత నేరుగా మీ ఖాతాకు వేయిస్తారు, లేదా ఒకటి రెండు ఖాతాలు తిప్పి వేస్తారు. ఆమె ఫిర్యాదు చేస్తుంది. పోలీసులు ఆ డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వస్తే మీ ఖాతా తగులుతుంది. వాళ్ల కాగితం మీద మీరు డబ్బు తీసుకున్న మనిషి. మీరూ బాధితురాలే అన్న సంగతి ఆ కాగితంలో ఉండదు, ఎందుకంటే మీరు ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు.

అందుకే ఫిర్యాదు ఇక వాయిదా వేయొద్దంటాను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయవచ్చు, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మీ అమ్మాయి సాయంతో రాయవచ్చు, వరంగల్ కమిషనరేట్ సైబర్ క్రైమ్ పోలీసు స్టేషన్‌కు నేరుగా వెళ్లవచ్చు. మీ కేసులో ఖాతా గొడవ కూడా ఉంది కాబట్టి, ఆన్‌లైన్‌లో రాసి ఆ నంబరు పట్టుకుని స్టేషన్‌కు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఒంటరిగా వెళ్లలేనంటే హనుమకొండ అదాలత్‌లో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

డబ్బు తిరిగి వస్తుందా అంటే, ఆశ పెట్టి అబద్ధం చెప్పను. మోసం జరిగిన గంటా రెండు గంటల్లో 1930కి చెబితే, డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే ఆపే వీలుంటుంది. 23 రోజుల్లో అది పది ఖాతాలు తిరిగి, ఏటీఎంల్లోనో క్రిప్టోలోనో మాయమయ్యే అవకాశమే ఎక్కువ. పిన్ మీరే కొట్టి పంపారు కాబట్టి బ్యాంకు తిరిగి ఇస్తుందన్న ఆశ కూడా పెద్దగా పెట్టుకోవద్దు. అయినా ఫిర్యాదు ఎందుకంటే, రేపు ఎక్కడో ఒక దొంగ ఖాతాలో కొంత ఆగి దొరికితే, అందులో వాటా అడిగే హక్కు ఫిర్యాదు ఉన్నవాళ్లకే ఉంటుంది. మన రాష్ట్రంలో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా అలా ఆగిన డబ్బును బాధితులకు ఇప్పిస్తున్నారు. మీకు మొత్తం రావచ్చు, కొంతే రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. రానిదానికి సిద్ధపడి, వస్తే మేలనుకోండి.

ఖాతా విషయంలో మాత్రం ఆశ గట్టిగానే ఉంది. బ్యాంకులో "ఆపించారు" అన్న మాటతో వెనక్కి రావద్దు. ఏ రాష్ట్రం, ఏ స్టేషన్, ఫిర్యాదు నంబరెంత, ఎంత మొత్తం మీద అభ్యంతరం, ఈ నాలుగూ కాగితం మీద రాసి అడగండి. నేను చాలా ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్న మనిషిని. నోటితో అడిగినదానికి నోటితోనే జవాబు వస్తుంది, రాసిచ్చి ముద్ర వేయించుకున్నదానికి ఎవరో ఒకరు సంతకం పెట్టాల్సి వస్తుంది. వివరాలు దొరికాక ఆ స్టేషన్‌కు ఉత్తరం, ఈమెయిల్ రెండూ పంపండి. మీ ఫిర్యాదు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్, సంఘం సభ్యులు పంపిన 20,800 కిస్తీ డబ్బని చూపించే సంఘం పుస్తకం పేజీలు దానికి జత చేయండి. గొడవ ఉన్న మొత్తం వరకే ఆపి, మిగతాది వదలమని అడగండి. వారాలు పట్టవచ్చు, తొమ్మిది రోజుల్లో కిస్తీకి అందుతుందని అనుకోవద్దు.

పోలీసులు పిలిస్తే వెళ్లండి. భయపడి ఫోన్ ఆఫ్ చేయడం అన్నిటికన్నా చెడ్డది. అలాగని వాట్సాప్‌లో నోటీసు వచ్చిందనో, వీడియో కాల్‌లో అరెస్టు చేశామనో ఎవరైనా బెదిరిస్తే వణకొద్దు. వీడియో కాల్‌లో అరెస్టు అనేది మన చట్టంలోనే లేదు. హాజరు కావాలన్న నోటీసు వాట్సాప్‌లో పంపకూడదని 2025లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఒకసారి మోసపోయిన వాళ్ల నంబర్లు ఈ దొంగల మధ్య చేతులు మారుతుంటాయి. కాబట్టి మీకు ఇలాంటి ఫోన్లు ఇంకా వస్తాయి.

ఆ 15,000 రికవరీ మనిషి కూడా ఆ దారినే వచ్చాడు. మీరు ఎవరికీ చెప్పలేదంటున్నారు కదా, మరి మీ డబ్బు పోయిందని అతనికి ఎలా తెలిసింది? 1930కి ఫీజు లేదు, పోలీసులకు ఫీజు లేదు. ఇందులో నేను మీకు రెండు దారులు చూపించలేను. నంబరు రాసి పెట్టుకుని, దాన్నీ ఫిర్యాదులో కలిపి, బ్లాక్ చేయండి.

లోన్ యాప్ మాట కొస్తే, అది కూడా ఒక దారేనని మీకు అనిపించడం నాకు అర్థమవుతోంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ తెలియదు. కానీ ఊరూ పేరూ లేని యాప్‌లు ముందే కొంత కోసుకుని చేతికిస్తాయి, వారం తిరక్కుండానే మొత్తం కట్టమంటాయి. మీ ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు వాళ్ల చేతికి వెళతాయి. కట్టలేని రోజున ఫొటోలు మార్ఫింగ్ చేసి చుట్టాలకు పంపుతామని బెదిరిస్తాయి. ఇప్పుడు మీరు దాచాలనుకుంటున్నది అప్పుడు మీ ఫోన్‌లో ఉన్న ప్రతి నంబరుకూ తెలుస్తుంది.

ఇక సంఘం. ఇక్కడ మీకు దారులున్నాయి. ఒకటి, మొదటి లీడర్‌ను, సంఘాల పని చూసే ఆర్పీని (రిసోర్స్ పర్సన్) ముందు విడిగా కలిసి చెప్పడం. ఖాతా ఆగిన కాగితం చూపించి, 20,800 పోలేదు, ఖాతాలోనే ఉన్నాయి, ఎప్పుడు వదులుతారో తెలియదు అని చెప్పండి. సంఘం పొదుపులోంచి అంతర్గత అప్పుగా ఆ మొత్తం తీసి ఈ నెల కిస్తీ కట్టి, ఖాతా విడుదలయ్యాక మీరు తిరిగి వేసేటట్టు తీర్మానం రాసుకోవచ్చు. కిస్తీ తప్పితే వడ్డీ రాయితీకి దెబ్బ అని వాళ్లకూ తెలుసు కాబట్టి దారి వెతుకుతారు. దీనివల్ల మీ పేరు రెండు వారాలు గల్లీలో నానుతుంది. రెండో లీడర్ బాధ్యత కొన్నాళ్లు వదులుకోమనవచ్చు, అంటే వదిలేయండి. ఇంకో దారి, ఏదో సాకు చెప్పి, చెవి కమ్మలు కూడా కుదువ పెట్టి 20,800 తెచ్చి కట్టేయడం. ఈ నెల గడుస్తుంది. మళ్లీ నెల మీ వాటా కిస్తీ, కుదువ వడ్డీ రెండూ మీద పడతాయి. ఖాతా సంగతి బ్యాంకు వాళ్ల నోటి నుంచో, పోలీసు ఫోన్ నుంచో బయటపడితే, పోయిన లక్షతో పాటు కిస్తీ డబ్బు కూడా మీరే వాడుకున్నారనే అనుమానం పుడుతుంది. అది మాత్రం తుడుచుకోవడం కష్టం. ఏది చేస్తారో నిర్ణయం మీది. మీ చోట నేనుంటే మొదటిది చేస్తాను, అది కూడా కిస్తీ రోజున కాదు, ఈ వారంలోనే.

ఒక మాట నా సొంతది చెబుతాను. ఉద్యోగంలో ఉండగా ఒక పెద్దాయన ఫిక్స్‌డ్ డిపాజిట్ విరిపించి డబ్బు పంపమన్నాడు. ఎందుకు సార్ అని అడిగాను. ఇల్లు రిపేరు అన్నాడు. చేతులు వణుకుతున్నాయి, ఫోన్ చెవి దగ్గరే ఉంది. వెనక లైను పొడుగ్గా ఉంది. నేను సంతకం పెట్టి పంపేశాను. ఎవరికీ చెప్పొద్దని ఫోన్‌లో వాళ్లు ఆయన్ని కట్టేశారని వారం తర్వాత తెలిసింది. ఇంకొక్క ప్రశ్న ఎందుకు అడగలేదని ఇప్పటికీ బాధపడతాను. "ఎవరికీ చెప్పొద్దు" అన్నది వాళ్ల మాట. మీకు వాళ్లు అది చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. వాళ్లు పోయాక 23 రోజులుగా ఆ పని మీ సిగ్గు చేస్తోంది.

మీ ఆయనకు ఎలా చెప్పాలి? ఫిర్యాదు చేసి, ఆ కాగితం చేతిలో పట్టుకుని చెబితే, "చేయాల్సింది మొదలుపెట్టాను" అనే ధైర్యం మీకు ఉంటుంది. కానీ ఆ రెండు మూడు రోజుల్లో పోలీసులో బ్యాంకో ఇంటికి ఫోన్ చేస్తే ఆయనకు పరాయి నోటి నుంచి తెలుస్తుంది. ముందే చెబితే మొదటి కోపం మీరొక్కరే భరించాలి, కానీ స్టేషన్‌కు వెళ్లే రోజు పక్కన మనిషి ఉంటాడు. మీ ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాదని రాశారు కాబట్టి నేను ఈ రెండోదాని వైపే మొగ్గుతున్నాను. నాకు తెలియని భయం ఏదైనా ఉంటే మాత్రం మీ ఆడబిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఆమె మీ మనిషేనన్నారు కదా.

మాట ఎక్కడ మొదలుపెట్టాలన్నారు. ఆ 40,000 దగ్గర మొదలుపెట్టండి. "అప్పుడు నిన్ను ఆర్నెల్లు అన్నాను, అది తప్పు. ఇప్పుడు నాకు అంతకన్నా పెద్దదే జరిగింది" అనండి. ఆయన కూడా స్నేహితుడి అవసరం చూసే ఇచ్చాడు, మీరు కూడా ఆ ముగ్గురి అవసరం చూసే పంపారు. అది ఆయనకు అర్థం కాని విషయం కాదు. రెండు మాటలు అంటాడు, పడండి. మిరప సీజన్‌లో మార్కెట్ నుంచి ఘాటుకు కళ్లు మండుతూ వచ్చిన రాత్రి మాత్రం వద్దు, సెలవు రోజు పొద్దున చూసుకోండి. మొత్తం ఒకేసారి చెప్పండి. 36,000 ఇవాళ, నాన్‌తాడు వచ్చే వారం అని విడగొడితే ఇంకా ఏం దాచావని ప్రతిసారీ అడుగుతాడు.

మీ అమ్మాయి గురించి రెండు వాక్యాలే రాశారు. "అమ్మా, ఆ పైసలు వచ్చాయా" అని రోజూ అడిగేది, ఇప్పుడు అడగడం మానేసిందన్నారు. ఆమెకు తెలిసిపోయింది. టెలిగ్రామ్ వేసి ఇచ్చింది తనే కాబట్టి తప్పు తనదేనని కూడా అనుకుంటూ ఉండవచ్చు. పరీక్షలయ్యాక చెబుదామని ఆగొద్దు. నీ తప్పు లేదు అన్న ఒక్క మాట ఈ రాత్రే చెప్పండి, మిగతా వివరాలు పరీక్షలయ్యాక.

ఈ రాత్రే చేయాల్సింది ఇంకొకటి ఉంది. టెలిగ్రామ్‌లో అవతలివాళ్లు తలచుకుంటే మీ ఫోన్‌లోని మాటలు కూడా చెరిపేయగలరు. ఉన్నవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి అమ్మాయి ఫోన్‌కు పంపి ఉంచండి. గ్రూపు పేరు, వాళ్ల ఐడీలు, డబ్బు పంపిన యూపీఐ ఐడీలు, ఒక్కో చెల్లింపు కింద కనిపించే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు, అన్నీ. రిజిస్ట్రేషన్ అని మీ ఆధార్ ఫొటో కూడా పంపానన్నారు కాబట్టి ఆధార్ అధికారిక యాప్‌లో వేలిముద్రలు లాక్ చేయండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో ప్రభుత్వ టెలికాం పోర్టల్ సంచార్ సాథీలో చూసుకుని, మీవి కానివి ఉంటే అక్కడే చెప్పండి.

కొలతల పుస్తకం చివరి పేజీ చింపేద్దామనుకున్నానని రాశారు. చింపొద్దు. తేదీలు వేసి మీ చేత్తో రాసుకున్న లెక్క అది, వచ్చినవీ ఉన్నాయి, పోయినవీ ఉన్నాయి. స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లండి. ఫిర్యాదుకు వాళ్లిచ్చే నంబరును కూడా ఆ లెక్క కిందే రాసుకోండి.